వెనక చెక్క

జూన్ 4

పెట్టెలు వచ్చాయి. లారీతో వచ్చిన మనుషులు చాలక మా ఆయన్నీ, ఎదురింటి డ్రైవర్నీ కూడా పిలవాల్సి వచ్చింది. తలుపు రెక్కలు ఊడదీస్తే గానీ లోపలికి పట్టలేదు. సోఫా ఇప్పుడు వరండాలో ఉంది. ముందుగదిలో రెండు సినిమా హాలు స్పీకర్లు, బీరువాలకన్నా ఎత్తుగా, పిలవకుండా వచ్చిన పెద్దమనుషుల్లా నిలబడ్డాయి.

ఇన్నాళ్ళూ రేడియోలు, టేప్ రికార్డర్లు, మహా అయితే ఒక వాల్వ్ యాంప్లిఫయర్ బాగుచేసేదాన్ని. ఇంత పెద్ద పని నా చేతికి రావడం ఇదే మొదలు. మూతపడ్డ ఒక హాల్లోంచి జడ్జిగారు వీటిని తెప్పించుకున్నారు. రిటైరయ్యారు కదా, ఇంట్లో కూర్చుని పాటలు వినాలట. ఉద్యోగమంతా కోర్టులో గొణుగుళ్ళే విన్నానమ్మా, ఇకనైనా ఒక గొంతు తేటగా వినాలి అన్నారు.

పై స్వరాలు పలికే హారన్ గొట్టం లోపల ఎలుక గూడు ఉంది. గూడంతా టికెట్ ముక్కలే. ఆ ఎలుక ఎన్ని సినిమాలు చూసిందో.

మా ఆయన చుట్టూ తిరిగి చూసి, ఇవి ఇంట్లో ఉంటే మనం ఎక్కడ ఉండాలని అడిగాడు. వరండాలో, సోఫా మీద అన్నాను. అత్తయ్య మాత్రం నవ్వలేదు. పెట్టె వెనక్కి తల పెట్టి చాలాసేపు చూసింది. దుమ్ము బాగా ఉంది, ముక్కుకి గుడ్డ కట్టుకో అమ్మాయ్ అని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జూన్ 6

రాత్రి కూడా అత్తయ్యకి కంటి మీద కునుకు లేదు. పొద్దున్న స్టవ్ వెలిగించి గిన్నె పెట్టడం మర్చిపోయింది. మా ఆయన్ని తన తమ్ముడి పేరుతో పిలిచింది. ఆయన పలికాడు కూడా, పాపం.

చలికాలంలో మా దగ్గరికి వచ్చినప్పటినుంచీ ఇదే వరస. అంతకుముందు ప్రింటింగ్ ప్రెస్ పైన ఒక వాటాలో ఉండేది. మా ఆయన పుట్టి పెరిగింది అక్కడే. రాత్రంతా కింద మెషిన్లు నడిచేవి. అందుకే ఈయన బస్సు నడపని ప్రతి నిమిషమూ నిద్రపోగలడు. ప్రెస్ మూసేశారు, అత్తయ్య ఇక్కడికి వచ్చేసింది. మా సందులో కుక్క కూడా మొరగదు. ఇంత నిశ్శబ్దంగా ఉన్న చోట నిద్ర పట్టకపోవడం ఏంటని అందరం బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నాం.

డాక్టరమ్మ జూలై ఆఖర్లో మళ్ళీ తీసుకురమ్మంది. అప్పటికీ నిద్ర దారికి రాకపోతే పెద్ద మాత్రలు రాయక తప్పదంది. ఆ మాత్రలు ఒకసారి చూశాం. మధ్యాహ్నం దాకా అత్తయ్య సొంత కొడుకుని మీరెవరు బాబూ అని అడిగింది. తేరుకున్నాక నా చెయ్యి పట్టుకుని, అవి మళ్ళీ వేయనివ్వకమ్మాయ్, అది నిద్ర కాదు, ఎవరో వచ్చి నా స్విచ్ ఆపేసినట్టుంది అంది. వేయనివ్వనని మాటిచ్చాను. ఏ ధైర్యంతో ఇచ్చానో నాకే తెలియదు.

జూన్ 10

ఎడమ పెట్టెలో కింద స్వరం పలికే వూఫర్ కాగితం పూర్తిగా పోయింది. వేలు పెడితే బిస్కెట్‌లా విరిగింది. కొత్త కాగితపు కోన్ వేశాను. దాని వెనకున్న తీగచుట్ట, కాయిల్, సరిగ్గా మధ్యలో నిలబడాలి, అయస్కాంతానికి ఏ వైపూ తగలకూడదు. అందుకని పాత ఎక్స్‌రే ఫిల్మ్‌ని సన్నగా కత్తిరించి చుట్టూ దోపుతాను. ఇవాళ దోపింది మా ఆయన మోకాలి ఎక్స్‌రే. ఆయన వచ్చి నా మోకాలు ఏదని వెతికాడు. స్పీకర్లో ఉందన్నాను. నమ్మలేదు.

జిగురు ఆరాక ముక్కలు ఒక్కొక్కటే లాగేశాను. కోన్‌ని రెండు బొటనవేళ్ళతో మెల్లగా నొక్కాను. చప్పుడు లేకుండా లోపలికి వెళ్ళి, చప్పుడు లేకుండా పైకి వచ్చింది. సంతోషం పట్టలేక వంటింట్లోకి పరిగెత్తి అత్తయ్యకి చెప్పాను. ఆవిడ కూడా సంతోషించింది, దేనికో తెలియకుండానే.

జూన్ 16, మధ్యాహ్నం 2

మాట్లాడాయి!

యాంప్లిఫయర్ వేడెక్కేదాకా ఆగి రేడియో కలిపాను. మొదట పాట పెట్టను నేను. పాట లోపాల్ని కప్పేస్తుంది. మనిషి గొంతు పెడితే అన్నీ బయటపడతాయి. రేడియోలో ఒకావిడ దోమతెరలు ఉతికే పద్ధతి చెబుతోంది. ఆవిడ గది నిండా నిలబడింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవడం, పెదాలు తడుపుకోవడం, అన్నీ వినిపించాయి. దోమతెరల గురించి ఇంత అందంగా ఎవరూ చెప్పి ఉండరు. కుర్చీలో అలాగే ఉండిపోయాను. గోడలు కొంచెం అవతలికి జరిగినట్టనిపించింది. కిటికీలోంచి వచ్చే వెలుతురు కూడా నెమ్మదిగా వస్తున్నట్టుంది.

కొత్త కోన్ బిగుసుకుని ఉంటుంది. రోజూ కాసేపు మోగితే గానీ మెత్తబడదు. కాబట్టి ఇక రోజూ భోజనాలయ్యాక రేడియో నాటకాలు, ముచ్చట్లు. పెట్టెల్ని గోడనుంచి బాగా ముందుకి జరిపాను. గోడకి ఆనుకుంటే కింద స్వరం, అదే బేస్, గుబగుబలాడుతుంది.

వాటికి వెనక చెక్కలు లేవు. ఎప్పుడో పోయాయి, వెనకనుంచి చూస్తే లోపలి సామానంతా కనిపిస్తుంది. వడ్రంగికి కొలతలిచ్చాను. రేపు తెస్తానన్నాడు. ఆయన్ని అందరూ రేపు మేస్త్రీ అనే పిలుస్తారు.

జూన్ 20

అత్తయ్య ఇవాళ గిన్నెలు తుడుస్తూ కూనిరాగం తీసింది.

జూన్ 25

అత్తయ్య మొహం తేటపడింది. మూలపడ్డ కుట్టుమిషన్ మీద గుడ్డ తీసి నా చిరిగిన నైటీ కుట్టిపెట్టింది. స్టవ్ మర్చిపోలేదు. కొడుకుని కొడుకు పేరుతోనే పిలిచింది, అదీ తిట్టడానికి.

ఈ ఘనత ఎవరిదా అని ఇంట్లో పోటీ. తను తెచ్చిన కొత్త దిండు మహిమ అంటాడు మా ఆయన. నేను ఇస్తున్న గోరువెచ్చని పాలు అంటాను నేను. ఫోన్లో డాక్టరమ్మ, నేను చెప్పిన వాకింగ్ అంది. అత్తయ్య ముగ్గురికీ అవునంది.

మధ్యాహ్నం నేను పెట్టెల ముందు కూర్చోగానే ఆవిడ తన గదిలోకి వెళ్ళి నడుం వాలుస్తోంది. ఈ రేడియో గోలలో ఎలా పడుకుంటోందో పాపం. సౌండ్ తగ్గించనా అని అడిగాను. వద్దు వద్దు అంది, కంగారుగా.

జూలై 1

రేపు మేస్త్రీకి ఇవాళ్టికి తెల్లారింది. చెక్కలు తెచ్చాడు. మందపాటి ప్లై, అంచులు చక్కగా చిత్రిక పట్టాడు. తిట్టాలని దాచుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి. లోపల పాత ఉన్ని దుప్పటి ముక్కలు అతికించి, చుట్టూ మరలు బిగించాను. హాల్లో కింద స్వరం ఎటు పోయినా అడిగేవాడు లేడు. ఇంట్లో అలా కుదరదు. పెట్టెని వెనకనుంచి మూస్తేనే అది కుదురుగా ఉంటుంది.

కుదిరింది. డ్రమ్ము దెబ్బ పడి, అక్కడే ఆగింది. నిన్నటిదాకా పడ్డాక కాసేపు ఇల్లంతా తిరిగేది. ఈ పని ఇంత బాగా ఇంకెవరూ చేయలేరని ఇక్కడ రాసుకుంటున్నాను. ఎవరూ చదవరుగా.

జూలై 3

జడ్జిగారు వచ్చి విన్నారు. తను తెచ్చిన పాట పెట్టగానే కళ్ళు మూసుకున్నారు. పాట అయిపోయినా తెరవలేదు. నిద్రపోయారేమోనని భయపడ్డాను. కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాడేవాడు ఇదిగో ఇక్కడ నిలబడ్డాడమ్మా అని రెండు పెట్టెల మధ్య ఖాళీని చూపించారు.

ఇరవయ్యో తారీకున ట్రక్కు పంపిస్తానన్నారు. వాళ్ళింట్లో సోఫా ఇప్పటికే తీయించేశారట. మేడమ్ గారు ఏమన్నారని అడిగాను. తీర్పు రిజర్వులో ఉందన్నారు.

జూలై 6

మళ్ళీ మొదలైంది. అత్తయ్యకి నిద్ర లేదు. ఇన్ని రోజులూ బాగుండి, ఒక్కసారిగా.

కుట్టుమిషన్ సూది వేలిలో దిగింది, గోరు పక్కనుంచి. ఆవిడ అరవలేదు. వేలి వైపు చూస్తూ, ఇది ఎవరిదమ్మాయ్ అని అడిగింది. కట్టు కడుతుంటే నాకు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే రోజు ఎంతలో ఉందో లెక్కపెట్టుకున్నాను.

జూలై 9

ప్రెస్ చప్పుడుకి అలవాటు పడ్డ మనిషి కదా, చప్పుడు కావాలేమో అనిపించింది. స్పీకర్లు బాగుచేసేదానికి ఇన్నాళ్ళూ ఈ మాట తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. కటకటలాడే పాత టేబుల్ ఫ్యాన్ బయటికి తీసి, బాగుచేయకుండా అలాగే ఆవిడ గదిలో పెట్టాను. పక్క గదిలో మా ఆయన మరింత హాయిగా నిద్రపోయాడు. అత్తయ్య పొద్దున్న వచ్చి, దాని రెక్క ఎక్కడో తగులుతోంది, చూడమ్మాయ్ అంది.

రోజూ లేవగానే నిద్ర పట్టిందా అత్తయ్యా అని అడుగుతున్నాను. అడగగానే ఆవిడ మొహం పరీక్ష తప్పిన పిల్లలా అయిపోతోంది. అయినా అడగకుండా ఉండలేకపోతున్నాను.

జూలై 11, మధ్యాహ్నం 3

ఎడమ పెట్టెలో ఏదో గరగర వినపడింది. మర వదులైందనుకుని టార్చి పట్టుకుని వెనక్కి దూరాను. గోడకీ పెట్టెలకీ మధ్య నేల మీద దుప్పటి పరిచి ఉంది. మా ఆయన తెచ్చిన దిండు ఉంది. అత్తయ్య కళ్ళజోడు పెట్టె ఉంది. ఎవరి గదిలోకో చెప్పకుండా వెళ్ళినట్టయింది.

కళ్ళజోడు పెట్టె తీసుకెళ్ళి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడే చెప్పింది, పెట్టెని మూస్తూ తెరుస్తూ. నేను కుర్చీలో కూర్చున్నాక వంటింటి వైపు తలుపులోంచి వచ్చి వెనక పడుకునేదట. గొంతులు మొదలవగానే నిద్ర ముంచుకొచ్చేదట. నేను రేడియో ఆపే ముందే దిండూ దుప్పటీ తీసుకుని వెళ్ళిపోయేదట, ఇవాళ మర్చిపోయిందట. నీకు వినడం మొదలైతే పక్కనుంచి ఏనుగు వెళ్ళినా కనపడదుగా అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, అంతా బాగానే ఉండేది, ఆ చెక్కలు ఎందుకు బిగించావమ్మాయ్ అని అడిగింది.

అక్కడ మీకు నిద్ర ఎలా పట్టేదత్తయ్యా అని అడిగాను.

అత్తయ్య తన పుట్టిల్లు సినిమా హాలు దగ్గర అని చెబుతూ ఉండేది ఎప్పుడూ. దగ్గర కాదట. హాల్లోనేనట. ఈ పెట్టెలు వచ్చిన హాలు కాదు, ఎక్కడో వేరే ఊళ్ళో. వాళ్ళ నాన్న హాలు ఊడ్చేవాడు, తలుపులు తీసేవాడు, వేసేవాడు. తెర వెనక చెక్క మెట్ల పక్కన ఒక జాగా ఇచ్చారు. అక్కడే వంట, అక్కడే చదువు, అక్కడే పడక. పెట్టెల వీపు వైపు పడక. పెళ్ళయ్యాక ఎవరికీ చెప్పలేదట, చెప్పుకోవడానికి సిగ్గేసిందట. మా ఆయనకి కూడా తెలియదు.

ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. పెట్టె మోగుతున్నప్పుడు ఒక్కసారి కూడా దాని వెనక్కి వెళ్ళి వినలేదు. వెనక వైపు అంటే మరలు బిగించడానికే అనుకున్నాను. బేస్ కుదిరిందని చంకలు గుద్దుకుంటూ, ఆవిడ నిద్ర చుట్టూ మరలు బిగించాను.

జూలై 12

మరలన్నీ విప్పేశాను. చెక్కలు వరండాలో సోఫాకి ఆనించాను. రేడియోలో ఎవరో ఒక పెద్దాయన నదుల గురించి మాట్లాడుతున్నాడు. అత్తయ్య ఈసారి దాక్కోకుండా, నా ముందునుంచే దిండు పట్టుకుని వెనక్కి వెళ్ళింది.

కాసేపటికి గురక వినిపించింది. సన్నగా, పెద్దాయన గొంతు కింద కలిసిపోతూ. నేను కదలలేదు. నదులన్నీ ఒక్కొక్కటే ముందుగదిలోంచి వెళ్ళాయి. కుర్చీ కాళ్ళు తడిశాయేమోనని కిందికి చూశాను కూడా.

జూలై 14

జడ్జిగారు చెప్పకుండా ఊడిపడ్డారు, ఇంకో రికార్డు చంకలో పెట్టుకుని. విన్నారు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. అడుగున ఏదో జారిపోయిందమ్మా అన్నారు. మంచి చెవి, ఆయన్ని మోసం చేయడం కష్టం. చెకింగ్ కోసం వెనక చెక్కలు తీశానని అబద్ధం చెప్పాను. సరే, ఇరవయ్యో తారీకుకి బిగించేయండి అన్నారు. తల ఊపాను.

జూలై 16

పొద్దున్న వంటింటి రేడియో తీసుకెళ్ళి బీరువా వెనక పెట్టి, అత్తయ్యని దాని పక్కన పడుకోబెట్టాను. మర్యాద కోసం కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత లేచి ఉల్లిపాయలు తరగడానికి వెళ్ళిపోయింది.

నాకు మతి పోయింది. పెట్టెలు ఇవ్వనని మా ఆయనతో అనేశాను. ఇవ్వకపోతే ఎలా, జడ్జిగారికి మాటిచ్చావు కదా అన్నాడు. మీ అమ్మకీ మాటిచ్చాను అన్నాను. అయితే ఇవ్వొద్దు అన్నాడు. అలా ఎలా మానేస్తాను అని మళ్ళీ నేనే అరిచాను. నువ్వసలు ఏ పక్కన ఉన్నావే అని ఆయన తల పట్టుకున్నాడు. గొంతులు వీధిలోకి వెళ్ళుంటాయి.

అత్తయ్య చేతిలో కత్తిపీట పట్టుకునే వచ్చింది. అది చూసి ఇద్దరం నోరు మూసుకున్నాం. నాకెందుకా పెట్టెలు, నీకేమైనా పిచ్చా అంది. ఆ పెద్దమనిషి సోఫా కూడా తీయించేసుకుని ఎదురుచూస్తున్నాడు, మర్యాదగా పంపించు అంది. మరి మీ నిద్ర సంగతేంటని అడిగాను. ఫ్యాన్ కాదన్నారు, రేడియో కాదన్నారు, మరి ఏం చప్పుడు కావాలో చెప్పండి, చేసిపెడతాను అన్నాను.

చప్పుడు కాదమ్మాయ్ అంది. కత్తిపీట కింద పెట్టి కూర్చుంది. తెరకి సన్న చిల్లులుంటాయి కదా, సౌండ్ ఇవతలికి రావడానికి. వెనక చీకట్లో పడుకుంటే ఆ చిల్లుల్లోంచి జనం కనపడేవాళ్ళట. బొమ్మ వెలుతురు వాళ్ళ మొహాల మీద పడేదట. అంతమంది తన వైపే చూసేవాళ్ళు, తనేమో ఒక్కరికీ కనపడదు. వాళ్ళు నవ్వడం, కళ్ళు తుడుచుకోవడం చూస్తూ చూస్తూ నిద్రలోకి జారిపోయేది. ఇంతమంది మేలుకొని ఉన్నారు కదా, ఇంక నేనెందుకు మేలుకోవడం అనిపించేదట. ప్రెస్ పైన ఉన్నప్పుడూ అంతేనట. కింద మనుషులు పని చేసుకుంటున్నారు, వాళ్ళు చూసుకుంటారులే అని.

మీ ఇంట్లో అందరూ ఒకేసారి నిద్రపోతారమ్మాయ్ అంది. ఇల్లంతా నా మీద వదిలేసి పడుకుంటారు. ఎవరో ఒకరు చూసుకోవాలి కదా అని కూర్చుంటాను.

పెట్టెల వెనక పడుకుంటే మధ్య సందులోంచి నేను కనిపించేదాన్నట. నోరు కొంచెం తెరుచుకుని, కిటికీ వెలుతురు మొహం మీద పడుతూ, వింటూ ఉండేదాన్నట. ఆ చెక్కలు బిగించాక గొంతులు గోడ అవతలికి పోయినట్టై, నేను కూడా పటంలో బొమ్మలా కనిపించానట.

మా ఆయన చెప్పులు వేసుకోకుండా బయటికి వెళ్ళి వరండాలో నిలబడ్డాడు. వాళ్ళమ్మ గురించి అంత ముఖ్యమైన సంగతి తనకి ఇంతవరకూ తెలియనందుకు ఆయనకి బాధేసిందని నాకు తెలుసు. నాకూ వేసింది.

జూలై 18

చెక్కలు బిగించాను.

జూలై 20

ట్రక్కు వచ్చింది. మళ్ళీ తలుపులు ఊడదీశాం. పెట్టెలు వెళ్ళిపోయాయి.

ముందుగదిలో చప్పట్లు కొట్టి చూశాను. చప్పుడు గోడలకి తగిలి నా దగ్గరికే వచ్చింది. సోఫా లోపలికి వచ్చి బంధువుల ఇంట్లో కూర్చున్నట్టు మూల కూర్చుంది. నేను చేసిన పనుల్లో ఇదే మంచి పని. అది ఇంకో ఇంట్లో మోగుతుంది. కాసేపు ఏడ్చాను. అత్తయ్య వచ్చి పక్కన కూర్చుని, నువ్వు బాగుచేసిన దేన్నైనా ఎప్పుడైనా ఇంట్లో ఉంచుకున్నావా అని అడిగింది. లేదు.

జూలై 22

ముందుగదికి అడ్డంగా తాడు కట్టాం. తెరగా వేలాడదీయడానికి పల్చటి నూలు గుడ్డ అత్తయ్యే ఎంచుకుంది. కొట్లో ప్రతి గుడ్డనీ మొహానికి అడ్డం పెట్టుకుని, దాంట్లోంచి కొట్టువాణ్ణి చూసింది. కొట్టువాడు నాకేసి జాలిగా చూశాడు. ఇంటికొచ్చి అంచులు తనే కుట్టింది. అవతల ఆవిడ మంచం, ఇవతల కిటికీ వెలుతురులో సోఫా. భోజనాలయ్యాక నేనూ మా ఆయనా కర్టెన్‌కి ఎదురుగా కూర్చున్నాం.

మొదటి ఆట ఫ్లాప్. ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయాం ఇద్దరం. ఏం మాట్లాడుకోవాలో తోచలేదు. అమ్మా నిద్ర పట్టిందా అని ఈయన కేకేశాడు, గిచ్చాను. ఆ తర్వాత ఈయనే నిద్రపోయాడు. కర్టెన్ అవతలనుంచి అత్తయ్య, వాణ్ణి లేపమ్మాయ్, వాడు పడుకుంటే నాకెలా పడుతుంది అంది.

జూలై 25, మధ్యాహ్నం

ఇవాళ ఈయన బస్సులో జరిగింది చెప్పాడు. ఒకాయన నిలువుటద్దం ఎక్కించి సీటుకి ఆనించాడట. తన స్టాపు రాగానే అద్దం మర్చిపోయి దిగిపోయాడట. ఇక దారి పొడుగునా ఎక్కినవాళ్ళందరూ దాంట్లో చూసుకోవడమే. ఒకాయన దువ్వెన తీశాడట. ఒక పెద్దావిడ అద్దంలో తనకి తనే చోటిచ్చి పక్కకి జరిగిందట. నాకు నవ్వాగలేదు. కళ్ళనీళ్ళొచ్చాయి. అద్దం ఇప్పుడు ఎక్కడుందని అడిగాను. డిపోలో ఉందట, డ్రైవర్లందరూ ఇస్త్రీ బట్టలు వేసుకొస్తున్నారట.

ఈయనతో ఇంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో. పెట్టెలు, బస్సు, గ్యాసు, మందులు, వీటి గురించి కాకుండా. కర్టెన్ సంగతి ఇద్దరం మర్చిపోయాం. గుర్తొచ్చేసరికి అవతల గురక.

ఇద్దరం లేవలేదు. గొంతు మాత్రం తగ్గించలేదు. తగ్గిస్తే లేస్తుందేమోనని భయం.

జూలై 28

డాక్టరమ్మ చూసింది. చేతులు చాపమంది, లెక్కలు అడిగింది, వేలి గాయం చూసింది. పెద్ద మాత్రలు అక్కర్లేదంది. అత్తయ్య నా చెయ్యి నొక్కింది, గట్టిగా. ఏం చేశారని డాక్టరమ్మ అడిగింది. మా ఆయన ఏమాత్రం తడుముకోకుండా, దిండండీ అన్నాడు.

రాత్రుళ్ళు కూడా నిద్ర కుదుటపడుతోంది. నేను పని పెట్టుకుని పొద్దుపోయేదాకా ముందుగదిలోనే ఉంటున్నాను. ఈయన బస్సుకి చీకటితోనే లేస్తాడు. మధ్యలో ఇల్లు ఒంటరిగా ఉండేది కాసేపే.

పొద్దున్న నిద్ర పట్టిందా అని అడగడం మానేశాను. నాలుక కొరుక్కుని మానేశాను.

జూలై 30

జడ్జిగారు ఫోన్ చేసి పాట వినిపించారు. ఫోన్లో ఏం వినపడుతుంది? చాలా బాగుందన్నాను.

ఆగస్టు 1

నిద్ర రావడం లేదు. నాకు.

పని అయిపోయాక పడుకుంటున్నాను. కళ్ళు మూసుకోగానే, ఇప్పుడు ఎవరు మేలుకొని ఉన్నారు అనిపిస్తోంది. లేచి చూస్తే అత్తయ్య హాయిగా పడుకుని ఉంటోంది. సంతోషమే. కానీ మళ్ళీ పడుకుంటే అదే ప్రశ్న. ఇవాళ ఒక రేడియోకి ఎర్ర తీగ ఉండాల్సిన చోట నల్ల తీగ పెట్టి టంకం వేశాను. మంచి రేడియో, కాలి చచ్చింది. ఎవరికీ చెప్పలేదు. అత్తయ్య మాత్రం అన్నం పెడుతూ నా మొహం వైపు చాలాసేపు చూసింది.

ఆగస్టు 3, సాయంత్రం

భోజనాలయ్యాక అత్తయ్య నా మణికట్టు పట్టుకుని కర్టెన్ అవతలికి తీసుకెళ్ళి, తన మంచం మీద పడుకోబెట్టి, వెళ్ళి సోఫాలో కూర్చుంది. గుడ్డ నేతలోంచి ఆవిడ మొహం కనిపించింది. కిటికీ వెలుతురు పడుతోంది. నా వైపే చూస్తూ, ఎవరితోనో ఏదో చెబుతోంది. నా రెప్పలు వాలుతుంటే, ఆవిడ పక్కన ఇంకెవరో కూర్చున్నారు. వాళ్ళ వెనక ఇంకో వరస. దాని వెనక ఇంకో వరస. అందరూ మేలుకునే ఉన్నారు.